చక్రంలో ఇసుక, చెవిలో దూది

అరిల్యే ఊళ్ళో మా వీధి మొదట్లో నిలబడి నా పేరు చెప్పి, కోసారా ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ వేలెత్తి చూపించరు. "కాసేపు ఆగండి, అరుపు వినిపిస్తుంది, అటే పొండి" అంటారు. ఈ మాట పుట్టించింది పక్కింటి జివాదిన్. వాడి నోట్లో మన్ను పొయ్య. నలభయ్యేళ్ళు ఈ వీధిలో నేను నెమ్మదిగానే మాట్లాడాను. గయ్యాళినన్న పేరు వచ్చింది రెండేళ్ళ నుంచే. ఎందుకొచ్చిందో నాకొక్కదానికే తెలుసు, పైకి చెప్పుకునే వీల్లేదు.

మా ఆయన బ్లాగొయేకి వినపడదు. అందుకే అరుస్తాను.

మామూలు మనిషికైతే ఇదేమంత కొంపలు మునిగే సంగతి కాదు. డెబ్బై దాటాయి, చెవులు మందగించాయి అనుకుంటారు. కానీ బ్లాగొయే బతికిందే చెవి మీద. పెరట్లో షెడ్డు వేసుకుని ముప్పై ఎనిమిదేళ్ళు కార్లు బాగుచేశాడు. బండి వచ్చి ఆగితే ముందు పానా పట్టేవాడు కాదు. ఇంజను ఆడించమని, తల ఓ పక్కకి వాల్చి, కళ్ళు మూసుకునేవాడు. "మూడో సిలిండరు" అనేవాడు. విప్పి చూస్తే మూడో సిలిండరే. ఊజిత్సె పట్నం నుంచి కూడా బళ్ళు తెచ్చేవాళ్ళు, బాగుచేయించడానికి కాదు, ఒక్కసారి ఆయనకి వినిపించి పోవడానికి.

అలాంటివాడికి చెవుడొచ్చిన సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియకపోవడానికి కారణం దూది. మా దగ్గర ఎదురెదురు కిటికీలు రెండూ తెరిచిన ఇంట్లో ఎవరూ కూర్చోరు. మెడ పట్టేసినా, పన్ను లాగినా, ఆఖరికి కాపురం చెడినా ఆ ఈదురుగాలి తగలబట్టే అంటారు. నడివేసవిలో చెవుల్లో దూది పెట్టుకు తిరిగే మగవాణ్ణి చూసి ఎవరూ నవ్వరు, జాగ్రత్త తెలిసినవాడని మెచ్చుకుంటారు. బ్లాగొయే కూడా దూది పెట్టాడు. ఎవరైనా పిలిస్తే పలక్కపోయి, ఆనక చెవి చూపించి "దూది, దూది" అని చెయ్యి ఊపేవాడు. వాళ్ళు అయ్యో పాపం అనుకుని మళ్ళీ గట్టిగా చెప్పేవాళ్ళు. మొదట్లో నేనూ నమ్మాను. ఆ దూదిని రాకియా సారాలో తడిపి, వెచ్చచేసి, రోజూ చేతికిచ్చిందే నేను. ఎంత వెర్రిదాన్నో చూడండి.

ఒక చలికాలం సాయంత్రం వంటింట్లో నా చేతిలోంచి ట్రేలు జారాయి. ఏడు ఇనప ట్రేలు, రాతి నేల మీద. ప్రహరీ అవతల జివాదిన్ కుక్క మొరిగింది. నాకు రెండడుగుల దూరంలో, నావైపు వీపు పెట్టి కూర్చున్న బ్లాగొయే తాపీగా పేపరు పేజీ తిప్పాడు. ఆరోజు దూది చెవిలో లేదు, బల్ల మీద ఉంది. నేను వంగి ట్రేలన్నీ చప్పుడు కాకుండా ఏరుకున్నాను. చప్పుడు చేసినా ఫరవాలేదన్న సంగతి అన్నీ ఏరుకున్నాక గానీ తట్టలేదు.

ఆ రోజు నుంచి ఆయనకి ఎదురుగా నిలబడి, గట్టిగా, పెదాలు బాగా కదిపి మాట్లాడటం మొదలుపెట్టాను. తనకు వినపడదని ఆయన దాచాడు. దాస్తున్నాడని నాకు తెలుసునన్న సంగతి నేను దాచాను. మోకాళ్ళ నొప్పులని చెప్పి షెడ్డు మూసేశాడు. మోకాళ్ళకి ఏ రోగమూ లేదు, మొన్నటికి మొన్న చెర్రీ చెట్టెక్కి కూర్చున్నాడు.

ఇలా ఒకళ్ళనొకళ్ళం కాపాడుకుంటూ హాయిగానే ఉన్నాం, సెప్టెంబరులో ఒగ్న్యెన్ పెళ్ళి వచ్చేదాకా.

ఒగ్న్యెన్‌కి మా ఆయన జ్ఞానతండ్రి. బాప్తిస్మానికి ముప్పై రోజుల పిల్లాణ్ణి గుడికి తీసుకెళ్ళింది మా ఎర్ర బండిలోనే. ఆ బండి ఇప్పటికీ ఉంది. నాలుగు తలుపులు, కోసిన పుచ్చకాయ రంగు, ఎక్కడా తుప్పు లేదు. నెల కిందట ఒగ్న్యెన్ వచ్చి, టోపీ తీసి, "పెదనాన్నా, పెళ్ళికూతుర్ని నువ్వే తేవాలి. ఆ ఎర్ర బండిలోనే" అన్నాడు. బ్లాగొయే వాడి పెదాలు చూసి అర్థం చేసుకుని, లేచి వాణ్ణి కౌగిలించుకుని, కళ్ళు తుడుచుకోవడానికి షెడ్డులోకి వెళ్ళాడు. ఆ నెల రోజులూ బండిని పసిబిడ్డకి చేసినట్టు కడిగాడు.

పెళ్ళికూతురు తెయొదోరాది నోవా వరోష్. కొండల మీద ఊరు. పెళ్ళివారు వెళ్ళిన దారిన తిరిగి రాకూడదు గనక, వచ్చేటప్పుడు యావోర్ కొండ చుట్టి రావాలి. ఆ మలుపుల్లో బళ్ళు నడిపేవాళ్ళు శిలువ గుర్తు వేసుకుంటారు.

పెళ్ళి ఆదివారం. బుధవారంనాడు పోజెగా సంతలో అక్రోట్లు, వెన్న కొనుక్కుని వస్తున్నాం. బండి యాభై దాటగానే వెనక నుంచి మూలుగు వినిపించింది. దూరాన ఎవరో పిండిమర ఆడిస్తున్నట్టు. కుడి మలుపులో పెరుగుతోంది, ఎడమ మలుపులో అణుగుతోంది. నేను ఆయన పక్కకి తిరిగి, "ఏమయ్యా, వెనక చక్రం మూలుగుతోంది" అన్నాను.

"టైరు చప్పుడే. కొత్తగా వేసిన రోడ్డు కదా" అన్నాడు.

ఆ రోడ్డు వేసి పదకొండేళ్ళయింది. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ షెడ్డులో కాఫీలు అందించినదాన్ని, ఆయన వందమందికి చెప్పింది నా చెవిలో ఉంది. కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది, కుడి మలుపులో అరిస్తే ఎడమ బేరింగు పోయినట్టు. వదిలేస్తే వేడెక్కుతుంది, పట్టేస్తుంది, ఒక్కోసారి చక్రమే ఊడొస్తుంది. యావోర్ దిగేటప్పుడు, తెల్ల గౌనులో ఆ పిల్ల వెనక సీట్లో ఉండగా అలా జరిగితే?

గురువారం పొద్దున్నే ఎదురుగా కూర్చుని మళ్ళీ చెప్పాను. ఒంటికాలి మీద లేచాడు.

"నాకు చెబుతున్నావా? నాకు! బేరింగు చప్పుడు నాకు నేర్పుతున్నావా?"

"నేర్పట్లేదయ్యా, మూలుగుతోందంటున్నాను."

"అక్రోట్లు బస్తాలో దొర్లుంటాయి."

"అక్రోట్లు గలగలమంటాయి గానీ మూలగవు!"

పేపరు మడిచి బల్ల మీద కొట్టి బయటికి పోయాడు. జివాదిన్ ప్రహరీ మీద నుంచి తల పెట్టి, "ఏం కోసారా, పొద్దున్నే వడ్డించావా?" అన్నాడు. చేతిలో ఉన్న చీపురు వాడి మీదికి విసిరాను. తగల్లేదు, నా ఖర్మ.

ఆ మధ్యాహ్నమంతా ఆలోచించాను. బేరింగు మార్చకపోతే ఒగ్న్యెన్‌తో నిజం చెప్పి, ఇంకెవరినైనా చూసుకోమనాలి. చెబితే ఏమవుతుంది? ఆదివారానికల్లా ఊరంతా చెప్పుకుంటుంది, చక్రం అంత కేకలు పెడుతుంటే బ్లాగొయేకి వినపడలేదట అని. ఆ మాటతో ఆయన మళ్ళీ గుమ్మం దాటడు. నాకు ఈ మనిషంటే ప్రాణం, ఈ వయసులో చెప్పడానికి సిగ్గెందుకు. ఆయన తల వంచుకుని కూర్చోవడం నేను చూడలేను. అలాగని ఆ పిల్లని లోయలో పారెయ్యనూలేను.

శుక్రవారం పొద్దున లేచేసరికి పెరట్లో జాకీ ఎక్కిస్తున్న చప్పుడు. నా ప్రాణం లేచొచ్చింది. పరుగున వెళ్ళాను. బల్ల మీద నూనె కాగితంలో చుట్టిన కొత్త బేరింగు ఒకటి, పక్కనే ఇంకోదాని ఖాళీ కాగితం. ఆయన వెనక చక్రం విప్పుతున్నాడు.

కుడి చక్రం.

"వెనక" అన్నానే గానీ ఏ పక్కో నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. అడిగితే తనకు వినపడలేదని ఒప్పుకున్నట్టే కదా. రెండిట్లో ఒకటి అనుకుని మొదలుపెట్టాడు మహానుభావుడు.

సరే, ఎలాగూ రెండూ మార్చాల్సినవే అని సర్దుకుని నా వంటింట్లోకి వచ్చాను. పెళ్ళి పెద్దలం గనక నావంతు నాలుగు వందల చిన్న కేకులు. ఓవెన్‌లో రెండో వాయి పెట్టానో లేదో, ఆయన నల్లటి చేతుల్తో చక్రం నడిమి హబ్బు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"ఓవెన్ కావాలి."

"నెత్తి మీద కొట్టుకుని చావనా? కేకులున్నాయి!"

"ఇరవై నిమిషాలే. హబ్బు వేడెక్కి సాగాలి, బేరింగు చల్లబడి ముడుచుకోవాలి. లేకపోతే సుత్తితో కొట్టి పాడుచేసుకోవాలి. పెళ్ళికూతురు ఎక్కే బండికి నేను సుత్తి తగలనివ్వను."

కేకులు తీశాను. మూతి ముడుచుకున్న కేకులు. హబ్బు లోపల పెట్టాడు. ఫ్రీజరు తెరిచి చూస్తే కొత్త బేరింగు రాత్రే చేరినట్టుంది, నా రాస్ప్‌బెరీల డబ్బాలో దర్జాగా కూర్చుంది. ఇరవై నిమిషాలకి నా చేతి గుడ్డల్తో హబ్బు పట్టుకుని షెడ్డులోకి పరిగెత్తాడు, వెనకే నేను బేరింగు పట్టుకుని. బల్లకి బిగించిన వైస్ మీద పెట్టి, బేరింగు పైన ఆనించి వదిలాడు. ఎవరూ తోయకుండా అదే జారి, కూర్చుంది. లాక్ రింగు వేశాడు. నా వైపు చూసి, పాతికేళ్ళ కుర్రాడిలా కన్ను కొట్టాడు.

పాత బేరింగు బల్ల మీద ఉంది. తుడిచి, వేలికి తొడిగి తిప్పాడు. అది గ్రీజులో చక్కగా, నెమ్మదిగా తిరిగింది. మళ్ళీ తిప్పాడు. ఆయన ముఖంలో రంగు తగ్గడం చూశాను. చెవులు మోసం చేశాయేమో గానీ వేళ్ళు చెయ్యలేదు. ఆ బేరింగుకి ఏ జబ్బూ లేదు.

"పోయింది ఇది" అన్నాడు నా వైపు చూడకుండా. దాన్ని జేబులో వేసుకున్నాడు.

"ఊఁ" అన్నాను.

సాయంత్రం బండి తీశాం. ర్జావ్ నది పక్కనుంచి రోడ్డు, రెండు పక్కలా రాస్ప్‌బెరీ తోటలు. యాభై. అరవై. మూలుగు అలాగే ఉంది. ఇంకాస్త ముదిరింది కూడా. ఆయన రోడ్డు వైపు చూడటం లేదు, నా ముఖం వైపు చూస్తున్నాడు.

"ఎలా ఉంది?" అన్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళలో చప్పుడు గురించి నన్ను ఆయన అడగడం అదే మొదలు.

బాగుంది అని అబద్ధం చెప్పాలని ఎంత అనిపించిందో ఆ దేవుడికే తెలియాలి. పోనీ, ఆదివారంలోపు ఎవరినైనా పిలిపించి రాత్రికి రాత్రి చేయించుకుందాం అనుకున్నాను. అంతలో కుడి మలుపు వచ్చింది, చక్రం ఊళ పెట్టింది, నాకు తెలియకుండానే సీటు పట్టుకున్నాను. ఆయన ఆ చెయ్యి చూశాడు.

"ఇంకా ఉంది" అన్నాను. "ఎడమ పక్క."

వంతెన దాటాక బండి పక్కకి ఆపాడు. ఇంజను ఆపలేదు. ఆడుతోందో లేదో తెలుసుకోవడానికి గేరు కర్ర మీద చెయ్యి వేసి ఉంచాడు. ఇన్నాళ్ళూ ఇలా చేత్తో వింటున్నాడా అని నాకు అప్పుడర్థమైంది.

"కోసారా, నాకు వినపడట్లేదే."

"తెలుసు."

"తెలుసా?"

"ఏడు ట్రేలు పారేశాను నీ వెనకాల. పేపరు చదువుకుంటున్నావు."

"ఎప్పుడు?"

"రెండేళ్ళయింది."

ఆయనకి కోపం వచ్చింది. "రెండేళ్ళు తెలిసి, రోజూ నాకు దూది తడిపి ఇచ్చావా? నాతో ఆటలాడావా?"

"నువ్వు ఆడుతుంటే నేనెలా మానేస్తాను! గయ్యాళినని పేరు తెచ్చుకున్నాను నీకోసం, ఊరంతా నవ్వుతోంది!"

"గయ్యాళివా? ఎవడన్నాడు?"

"జివాదిన్!"

"వాడి తాట తీస్తాను" అన్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ ఆయన స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. ఆ భుజాలు కదలడం నవ్వు వల్ల కాదని తెలిసి నేను వీపు మీద చెయ్యి వేశాను. చాలాసేపటికి తలెత్తి, "ఒగ్న్యెన్‌తో చెప్పేస్తాను. ఇంకెవరినైనా పెట్టుకోమంటాను. ఏ చక్రం పోయిందో తెలియనివాడు పెళ్ళికూతుర్ని తేకూడదు" అన్నాడు.

నేను ఏదో అనబోయాను. ఆయన రోడ్డు వైపు తిరిగిపోయాడు. నా పెదాలు కనపడకుండా ఉండటానికి ఆయనకి అదొక్కటే దారి.

శనివారం పొద్దున ఇంట్లో చావు జరిగినట్టుంది. బండి పెరట్లో ఉంది, ఆయన వంటింట్లో కూర్చుని రెండో కొత్త బేరింగుని చూస్తున్నాడు. నాకు పని తెమలాలి. మిక్సరు గిన్నెలో దించి వెన్న గిలకొడుతూ, పిండి అంటిన చెక్క గరిటె ఆయన చేతిలో పెట్టాను. పెళ్ళయిన నాటి నుంచి గరిటె నాకడం ఆయన హక్కు. నోట్లో పెట్టుకున్నాడు. దిగాలుగా ఒరిగి కూర్చున్నాడేమో, గరిటె రెండో కొస వెళ్ళి మిక్సరుకి ఆనింది.

ఆయన నిటారుగా అయిపోయాడు.

నేను భయపడి మిక్సరు ఆపాను. చెయ్యి ఊపాడు, ఆపొద్దని. మళ్ళీ ఆడించాను. గరిటెని పళ్ళతో గట్టిగా కరిచి మిక్సరుకి ఆనించాడు, తీశాడు, ఆనించాడు, తీశాడు. గడ్డం నిండా వెన్న. "వేగం పెంచు" అన్నాడు. పెంచాను. కళ్ళు మూసుకున్నాడు. తల ఓ పక్కకి వాలింది. ఆ వాలడం చూసి ఎన్నాళ్ళయిందో.

"లోపల బుష్షు అరిగింది. నెల రోజుల్లో పోతుంది ఇది" అన్నాడు.

గరిటె పట్టుకుని పెరట్లోకి పరుగు. నేను వెనకాల. ఎడమ చక్రం జాకీ మీద లేపాడు. "తిప్పవే!" అని తను నేల మీద చతికిలబడి, చక్రం వెనక ఇనుముకి గరిటె కాడ ఆనించి, రెండో కొస పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. నేను రెండు చేతుల్తో చక్రం తిప్పాను. మొదట ఆయన ముఖంలో ఏమీ లేదు. నాకు ఏడుపొచ్చింది. "గట్టిగా!" అన్నాడు గరిటెతోనే. బలమంతా పెట్టి తిప్పాను.

"ఇసుక!" అని కేక పెట్టాడు. గరిటె నోట్లోంచి పడింది. "ఇసుక నములుతోంది కోసారా! ఇసుక! నాకు పళ్ళలోంచి వినపడుతోంది!"

ఒక బండి పాడైపోయిందని ఇంత సంతోషపడిన మొగుడూ పెళ్ళాలు ఈ భూమ్మీద ఉండరు. గ్రీజు చేతుల్తో నా బుగ్గలు పట్టుకుని ముద్దు పెట్టాడు. ప్రహరీ మీద జివాదిన్ తల లేచింది, మమ్మల్ని చూసి గబుక్కున దిగిపోయింది.

ఈసారి ఓవెన్‌లోంచి కేకులు నేనే తీశాను, అడగకముందే. బ్రేకు డ్రమ్ము ఊడింది. మధ్యలో పెద్ద నట్టు మొండికేస్తే పానాకి నీళ్ళ గొట్టం తొడిగి, ఇద్దరం దాని మీద వేలాడాం. పాత బేరింగు నా వేలికి తొడిగి తిప్పాడు. గరగరమంటూ, ఆగి ఆగి తిరిగింది. అది చెవిటివాళ్ళకి కూడా తెలుస్తుంది. హబ్బు కాలింది, రాస్ప్‌బెరీల్లో బేరింగు గడ్డకట్టింది, ఒకటి ఇంకొకదానిలో కూర్చుంది. నట్టు బిగించి, చక్రం ఎక్కించి, తిప్పి, గరిటెతో విన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు కూడా విను. ఇద్దరం చెబితేనే సరి" అన్నాడు. నేను చెవి పెట్టి విన్నాను. చప్పుడే లేదు.

మధ్యాహ్నం ఒగ్న్యెన్ వచ్చాడు, బండి అద్దాలకి కట్టడానికి కొత్త తువ్వాళ్ళు, రోజ్‌మేరీ రెమ్మలు పట్టుకుని. బ్లాగొయే వాణ్ణి ఎదురుగా నిలబెట్టాడు. చెవుల్లోంచి రెండు దూది ఉండలూ తీసి, చెత్తబుట్టలో పారేశాడు.

"బాబూ, నాకు చెవుడు. రెండేళ్ళ పైమాటే. ఎడమ చక్రం ఏడుస్తుంటే కుడిది విప్పినవాణ్ణి నేను. ఇప్పుడు రెండూ కొత్తవి. చక్రాలకి నా పూచీ. డ్రైవరుకి మాత్రం నువ్వు ఆలోచించుకో."

తువ్వాళ్ళు ఒగ్న్యెన్ చేతిలో నలిగిపోతున్నాయి. నేను దేవుణ్ణి తిట్టాను, ఒగ్న్యెన్‌ని తిట్టాను, అన్నీ లోపల్లోపలే.

"కళ్ళు ఎలా ఉన్నాయి పెదనాన్నా?" అన్నాడు చివరికి.

"ఆ కొండ మీద గొర్రెలు పదకొండు. ఒకటి కుంటుతోంది."

ఒగ్న్యెన్ తిరిగి చూశాడు. లెక్కపెట్టాడు కూడా, వాడు మా ఊరివాడు కదా.

"అయితే పెద్దమ్మ ముందు సీట్లో కూర్చోవాలి. హారన్లూ, చప్పుళ్ళూ ఆవిడ వింటుంది, నువ్వు నడుపు."

"నేను పెళ్ళికూతురి పక్కన, వెనక కూర్చోవాలిరా! ఆచారం!" అన్నాను. "వాళ్ళమ్మ ఏమంటుంది?"

"మా అత్తగారితో నేను చెప్పుకుంటాను. నువ్వు అరిస్తే చాలు పెద్దమ్మా, అది నీకు బాగా వచ్చునట."

ప్రహరీ వెనక నుంచి జివాదిన్ గొంతు వినిపించింది. వాడు అన్నీ విన్నాడు, వాడి చెవులు మాత్రం భేషుగ్గా ఉన్నాయి. "అయితే బ్లాగొయే, రెండేళ్ళుగా ప్రహరీ దగ్గర నిలబడి నిన్ను తిట్టిన తిట్లన్నీ గాలికి పోయాయన్నమాట!"

బ్లాగొయే నా వైపు చూశాడు. "ఏమంటున్నాడు?"

"నువ్వంటే గౌరవమట" అన్నాను.

జివాదిన్ నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. టోపీ తీసి, నెత్తి గోక్కుని, "కోసారా, నువ్వు ఇందుకా అరిచేది?" అన్నాడు. ఆ సాయంత్రం వాడి పెళ్ళాం పుట్టగొడుగుల బుట్ట తెచ్చి మా గుమ్మంలో పెట్టిపోయింది.

ఆదివారం సంగతి ఏం చెప్పను? పద్నాలుగు బళ్ళు, ముందు మాది. తువ్వాళ్ళు గాలికి రెపరెపలాడాయి. వెనక తెయొదోరా, తెల్లటి గౌను కిటికీదాకా పొంగి, చేతిలో పూలు. నేను ముందు సీట్లో కూర్చుని, "లారీ! వెనక హారన్! ట్రాక్టరు!" అని దారిపొడుగునా కేకలు పెట్టాను. తెయొదోరా మొదట్లో ఉలిక్కిపడింది. యావోర్ ఎక్కేసరికి ఆ పిల్లా నాతో కలిసి అరిచింది. మలుపు మలుపుకీ బ్లాగొయే నా వైపు ఒకసారి చూసేవాడు, చక్రం ఏమంటోందని. ఏమీ అనట్లేదని తల ఊపేదాన్ని.

కొండ మీద అందరూ ఆగారు, సీసా తిప్పుకోవడానికి. అకార్డియన్ మొదలైంది. కుర్రాళ్ళు చేతులు పట్టుకుని రోడ్డు మధ్యలోనే ఆటకి దిగారు. బ్లాగొయే బండికి ఆనుకుని, వాళ్ళ కాళ్ళు చూస్తూ నిలబడ్డాడు. చూసి చూసి, కోటు లోపలి జేబులోంచి నా చెక్క గరిటె తీశాడు. నాకు తెలియదు దాన్ని తెచ్చాడని. ఎదమీద రోజ్‌మేరీ రెమ్మ, భుజం మీద పట్టు తువ్వాలు, పెళ్ళిపెద్ద వెళ్ళి ఆ గరిటె పళ్ళతో కరిచి, రెండో కొస అకార్డియన్ పెట్టెకి ఆనించాడు. వాయించేవాడు బిత్తరపోయాడు గానీ ఆపలేదు. బ్లాగొయే కళ్ళు మూసుకున్నాడు. కాలు తాళం వేసింది. ఎవరో నవ్వబోతే జివాదిన్ వాడి నెత్తి మీద ఒకటి మొట్టాడు.

పాట అయ్యాక ఆయన నేరుగా నా దగ్గరికి వచ్చాడు. అందరూ చూస్తున్నారు. గరిటె కొస నా మెడ కింద ఎముకకి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు, నా పెదాలు చూడనని చెప్పడానికి.

"మాట్లాడు" అన్నాడు గరిటె కరుచుకుని.

రెండేళ్ళుగా ఈ మనిషితో నేను చెప్పిందంతా కేకలే. తిను, పడుకో, తలుపు వెయ్యి, లారీ. కేకపెట్టి చెప్పలేనివి లోపల ఉండిపోయాయి. గొంతు బాగా తగ్గించాను, పక్కనున్న తెయొదోరాకి కూడా వినపడనంత.

"నేను ఉన్నానయ్యా" అన్నాను.

బ్లాగొయే కళ్ళు తెరవలేదు. కింది రెప్పల దగ్గర తడి చేరింది. గరిటె తీసి, తుడిచి, జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు.

"ఎందుకే అలా అరుస్తావు," అన్నాడు, "వినపడుతోంది."